ముదురు గోడను లేత రంగులోకి మార్చడం: పాత రంగు మళ్లీ తొంగిచూడకుండా ఉండాలంటే

"మెరూన్ గోడ మీద క్రీమ్ రంగు మూడు కోట్లు వేశాం. పగలు బాగానే ఉంది, రాత్రి ట్యూబ్‌లైట్ వేస్తే లోపలి నుంచి ఎర్రగా కనిపిస్తోంది. నాలుగో కోటు వెయ్యాలా?" ఈ ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తోంది. నాలుగో కోటు కోసం డబ్బు పెట్టకండి. ఆ గోడకు మొదట్లోనే ప్రైమర్ సరిగ్గా పడలేదు, లేదా రంగులో నీళ్లు ఎక్కువయ్యాయి. చాలా ఇళ్లలో ఈ రెండూ జరుగుతాయి.

ముదురు గోడను కప్పేది ఖరీదైన పై రంగు అనుకుంటాం. నిజానికి ఆ పని చేసేది కింద ఉండే తెల్ల ప్రైమరే. తెలుపుకు కప్పే గుణం ఇచ్చేది టైటానియం డయాక్సైడ్ అనే తెల్లటి పొడి. మంచి తెల్ల ప్రైమర్ రెండు పొరలు పడితే పై రంగు ముదురు గోడతో పోరాడాల్సిన అవసరం ఉండదు. క్రీమ్, లేత పసుపు, లేత పీచ్ లాంటి షేడ్లకు ఇది మరీ ముఖ్యం, ఎందుకంటే పసుపు వైపు ఉండే రంగులకు సొంతంగా కప్పే బలం తక్కువ.

కింద చెప్పిన వరుసను మార్చకండి. ఒక మెట్టు దాటేస్తే దాని ఫలితం రెండు మెట్ల తర్వాత బయటపడుతుంది. అప్పటికి గోడ మీద రంగు పడిపోయి ఉంటుంది.

1. ఇప్పుడు గోడ మీద ఉన్నది ఏ రకం రంగో తేల్చుకోండి

వరంగల్ పాత బస్తీ ఇళ్లలో, కాజీపేట వైపు పాత క్వార్టర్లలో, ఊళ్లలోని పెంకుటిళ్లలో ఒకే గోడ మీద మూడు రకాల రంగు ఉండటం మామూలే. అడుగున సున్నం, దాని మీద డిస్టెంపర్, కింద నాలుగడుగుల ఎత్తు వరకు ఆకుపచ్చో నీలమో ఆయిల్ పెయింట్ పట్టీ. ఒక్కోదానికి ఒక్కో తయారీ కావాలి.

మూడు చిన్న పరీక్షలు చేయండి. పావుగంట పని.

- తడిగుడ్డ పరీక్ష: గోడను తడి తెల్లగుడ్డతో పదిసార్లు గట్టిగా రుద్దండి. గుడ్డకు రంగు పొడిగా అంటితే అది సున్నమో డిస్టెంపరో. అంటకపోతే ఎమల్షనో (నీళ్లు కలిపి వేసే ప్లాస్టిక్ రంగు) ఆయిల్ పెయింటో.
- స్పిరిట్ పరీక్ష: మెడికల్ షాపులో దొరికే సర్జికల్ స్పిరిట్‌తో దూదిని తడిపి అరనిమిషం రుద్దండి. రంగు కరిగి దూదికి వస్తే ఎమల్షన్. ఏమీ రాకపోతే ఆయిల్ పెయింట్.
- టేపు పరీక్ష: బ్లేడుతో గోడ మీద గుణకారం గుర్తులా రెండు గీతలు కోసి, దాని మీద టేపు గట్టిగా అంటించి ఒక్క ఊపున లాగండి. టేపుకు రంగు పొర అంటుకొని వస్తే ఆ పొర గోడను వదిలేసిందని అర్థం. దాని మీద ఎంత మంచి రంగు వేసినా పాతదానితో కలిసి ఊడిపోతుంది.

ఈ పరీక్షలు కనీసం మూడు చోట్ల చేయాలి: కిటికీ కింద, గోడ మధ్యలో, నేలకు ఒక అడుగు పైన.

2. నిమ్ము సంగతి చూడకుండా డబ్బా మూత తీయకండి

ముదురు గోడ మీద నిమ్ము మచ్చ కనపడదు. లేత రంగు వేయగానే అదే మచ్చ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. అందుకే రంగు మార్చిన తర్వాతే "కొత్తగా నిమ్ము వచ్చింది" అనిపిస్తుంది. అది ముందునుంచీ ఉన్నదే.

అడుగున్నర చదరపు పాలిథిన్ కవరు ముక్కను గోడకు ఆనించి, నాలుగు అంచులా టేపుతో గాలి పోకుండా మూసేయండి. ఒక రోజు ఆగి తీయండి. గోడ వైపు నీటి చుక్కలు ఉంటే గోడ లోపల తడి ఉంది. గది వైపు చుక్కలు ఉంటే అది గదిలో గాలి చెమ్మ మాత్రమే.

బాత్రూమ్ పక్క గోడ, స్లాబు కింది మూల, ఇంటి వెనుక నేల ఎత్తుగా ఉన్న వైపు గోడ: ఈ మూడింటినీ తప్పకుండా చూడండి. గోడ అడుగున తెల్లగా ఉప్పులా పొడి పేరుకుంటే చౌడు పట్టిందని అర్థం. దాన్ని పొడి బ్రష్‌తో దులపాలి. నీళ్లతో కడిగితే ఉప్పు మళ్లీ లోపలికే వెళ్లి, ఆరాక మళ్లీ తేలుతుంది. నీరు ఎక్కడి నుంచి వస్తుందో అది ఆపిన తర్వాత గోడ ఆరడానికి వారాలు పడుతుంది. ఆ వారాలు ఆగక తప్పదు. నిమ్ము గోడను ప్రైమర్‌తో మూసేస్తే ఆరు నెలల్లోపే పొక్కుతుంది.

3. ఏ నెలలో మొదలు పెట్టాలి

మన దగ్గర నవంబర్ నుంచి ఫిబ్రవరి వరకు గోడ పనికి అన్నిటికంటే మంచి కాలం. ఎండ మెత్తగా ఉంటుంది, గాలి పొడిగా ఉంటుంది.

కానీ చాలామంది బతుకమ్మ, దసరాకు ముందే ఇల్లు మెరవాలనుకుంటారు. అప్పటికి వానలు ఇంకా పూర్తిగా వెనక్కి పోవు, గోడలు ఆ తడిని పట్టుకొనే ఉంటాయి. పండుగకే కావాలంటే పాలిథిన్ పరీక్ష కనీసం నెల ముందు చేయండి. ఎంగిలిపూల బతుకమ్మకు పది రోజుల ముందు పని మొదలయ్యేలా లెక్క వేసుకోండి. వాన రోజుల్లో డబ్బా మీద రాసిన ఆరే సమయాన్ని రెట్టింపు అనుకోవాలి.

ఏప్రిల్, మే నెలల్లో కష్టం ఇంకో రకంగా ఉంటుంది. రంగు రోలర్ మీదే ఆరిపోతుంది. కలిపిన చోట కలవక చారలు పడతాయి. ఎండాకాలంలో చేయక తప్పకపోతే పొద్దున తొమ్మిదిలోపు, సాయంత్రం ఐదు తర్వాత చేయండి. పడమటి ఎండ పడే గోడను పొద్దునే ముగించండి.

గోదావరిఖని, మంచిర్యాల, భూపాలపల్లి వైపు బొగ్గు దుమ్ము ఉండే చోట కోటుకు కోటుకు మధ్య కిటికీలు పూర్తిగా తెరవకండి. ఆ దుమ్ము తడి రంగులో కూర్చుంటే లేత గోడ మొత్తం బూడిద రంగు చుక్కలే.

4. సరుకు లెక్క

హాల్లో ఒక్క గోడే ముదురుగా ఉందనుకుందాం: 12 అడుగుల పొడవు, 10 అడుగుల ఎత్తు. అంటే 120 చదరపు అడుగులు.

- ప్రైమర్: నునుపైన గోడ మీద ఒక కోటుకు లీటరు సుమారు 120 చదరపు అడుగులు వస్తుందని లెక్క వేసుకోండి. రెండు కోట్లకు 2 లీటర్లు.
- ఎమల్షన్: ఒక కోటుకు లీటరు సుమారు 200 నుంచి 240 చదరపు అడుగులు. మూడు కోట్లకు 1.8 లీటర్ల దాకా. 2 లీటర్లు కొనండి.

గది మొత్తం ముదురు అయితే, 12 × 10 అడుగుల గదికి 10 అడుగుల ఎత్తు గోడలు నాలుగూ కలిపి 440 చదరపు అడుగులు. తలుపులు, కిటికీలు తీసేస్తే దాదాపు 400. ప్రైమర్ రెండు కోట్లకు 7 లీటర్లు, ఎమల్షన్ మూడు కోట్లకు 5 నుంచి 6 లీటర్లు.

గరుకు గోడ అయితే వీటి మీద ఇంకో పావు వంతు కలపండి. షేడ్ కలిపించేటప్పుడు మొత్తం ఒకేసారి కలిపించండి. మధ్యలో అయిపోయి ఇంకో లీటరు తెస్తే, అదే కోడ్ చెప్పినా రంగు వెంట్రుకవాసి తేడా వచ్చే అవకాశం ఉంది. రెండు డబ్బాలు తెస్తే పెద్ద బకెట్లో రెండూ కలిపేసి వాడండి.

పై రంగు మెరుపు సంగతి: పాత, ఎగుడుదిగుడు గోడకు మ్యాట్ తీసుకోండి. మెరిసే రంగు ప్రతి గుంటనూ చూపిస్తుంది. పిల్లలు చేతులు రాసే గోడ, వంటగది గోడ అయితే కడగడానికి వీలయ్యే కొంచెం నిగారింపు ఉన్న రకం మేలు, కాకపోతే లప్పం (గుంటలు నింపే పుట్టీ) పని ఇంకా జాగ్రత్తగా చేయాలి.

షాపుకు తీసుకెళ్లాల్సిన చీటీ:

- నీటి ప్రైమర్ (మచ్చలు, ఆయిల్ పట్టీ ఉంటే ఆయిల్ ప్రైమర్ ఒక లీటరు, టర్పెంటైన్ అర లీటరు)
- ఎమల్షన్, షేడ్ కోడ్‌తో
- రెడీమేడ్ అక్రిలిక్ లప్పం, 1 కిలో
- ఎమరీ పేపర్ 120, 180, 220 నంబర్లు, నాలుగేసి. ఆయిల్ పెయింట్ ఉంటే 180, 220లో నీళ్లలో వాడే రకం
- 9 అంగుళాల రోలర్, పొట్టి నుంచి మధ్యరకం నూలు ఉన్నది, దానికి పొడవు కర్ర
- రెండున్నర అంగుళాల బ్రష్ ఒకటి, మూలలకు
- లప్పం పట్టీలు (గీకడానికి, లప్పం లాగడానికి వాడే రేకులు) రెండు, చిన్నది పెద్దది
- మాస్కింగ్ టేపు, పాత దుప్పట్లు లేదా పాలిథిన్ షీటు
- ముక్కుకు దుమ్ము ఆపే మాస్కు, కళ్లద్దాలు
- రంగు వడకట్టడానికి పాత నైలాన్ చీర ముక్క

5. గోడను కడగడం

ఫర్నిచర్‌ను గది మధ్యకు జరిపి కప్పండి. మెయిన్ ఆపి స్విచ్ ప్లేట్లు విప్పండి. విప్పకుండా చుట్టూ బ్రష్ తిప్పితే ముదురు రంగు సన్నని గీతలా మిగిలిపోతుంది. తర్వాత ఎప్పుడైనా ప్లేటు మార్చినప్పుడు పాత రంగు చతురస్రం బయటపడుతుంది.

ఒక బకెట్ నీళ్లలో రెండు చెంచాల బట్టల సబ్బు పొడి కలిపి స్పాంజితో కింది నుంచి పైకి కడగండి. పై నుంచి మొదలుపెడితే సబ్బు నీళ్లు చారలుగా జారి పొడి గోడ మీద మరకలు పడతాయి. తర్వాత మంచి నీళ్లతో పై నుంచి కిందికి రెండుసార్లు తుడవండి. సబ్బు మిగిలితే ప్రైమర్ పట్టదు. సున్నం, డిస్టెంపర్ గోడను ఇలా కడగొద్దు. దాన్ని తర్వాతి మెట్టులో గీకాలి.

వంటగదిలో పొయ్యి పక్క నూనె జిడ్డుకు సబ్బు నీళ్లు వేడిగా ఉండాలి. దేవుడి గది గోడ మీద దీపం మసి, అగరబత్తి పొగ పేరుకుంటాయి. మసిని మొదట పొడి గుడ్డతో దించి తర్వాత కడగండి. తడిపితే మసి పూసుకుపోతుంది.

బూజు నల్లగా ఉన్న చోట ఒక వంతు బట్టల బ్లీచ్ ద్రావణం, మూడు వంతుల నీళ్లు కలిపి పూసి పావుగంట ఆగి కడగండి. బ్లీచ్‌లో యాసిడ్‌ను, బాత్రూమ్ క్లీనర్‌ను ఎట్టి పరిస్థితుల్లోనూ కలపకండి. విషవాయువు వస్తుంది.

కడిగిన గోడను ఒక రాత్రి ఆరనివ్వండి.

6. గీకడం, ఎమరీ కొట్టడం

ఊడిపోతున్న పొరలన్నీ లప్పం పట్టీతో గీకండి. సున్నం, డిస్టెంపర్ పొరలు అయితే గట్టి అడుగు వచ్చేదాకా గీకాల్సిందే. ఇక్కడ బద్ధకిస్తే పైన చేసేదంతా దండగ.

ఎమల్షన్ గోడకు 120 నంబర్‌తో మొదలుపెట్టి 180తో ముగించండి. గోడ అంతా మెరుపు పోయి సుద్ద పూసినట్టు మసకగా కనిపించాలి. గీకిన చోట, గీకని చోట మధ్య మెట్టు చేతికి తగలకూడదు. కళ్లు మూసుకొని అరచేతితో నిమరండి. ముదురు గోడ మీద కంటికి దొరకని మెట్టు చేతికి దొరుకుతుంది, లేత రంగు పడ్డాక అందరికీ దొరుకుతుంది.

ఆయిల్ పెయింట్ పట్టీ ఉంటే ఇంకా జాగ్రత్త కావాలి. ఇళ్లకు వేసే రంగుల్లో సీసాన్ని (లెడ్‌ను) 90 పీపీఎం లోపే, అంటే పది లక్షల వంతుల్లో 90 వంతుల లోపే ఉంచాలన్న నియమం మన దేశంలో 2017 నవంబర్ నుంచి అమలైంది. అంతకు ముందు వేసిన ఆయిల్ పెయింట్‌లో సీసం ఉండొచ్చు. దాన్ని పొడిగా రుద్దకండి. ఎమరీ పేపర్‌ను నీళ్లలో తడుపుతూ తడిగానే రుద్దండి. పిల్లలను, గర్భిణులను ఆ గదిలోకి రానివ్వకండి. కింద పడ్డ మడ్డిని చీపురుతో ఊడవకుండా తడిగుడ్డతో ఎత్తి కవరులో కట్టి పడేయండి.

7. లప్పం ఎక్కడ పెట్టాలి, ఏ లప్పం

మేకు రంధ్రాలకు, సన్న పగుళ్లకు, గీకిన చోట గుంటలకు మాత్రమే లప్పం పెట్టండి. పాత రంగు మీద పెట్టడానికి రెడీమేడ్ అక్రిలిక్ లప్పం వాడండి. తెల్ల సిమెంటు లప్పం గచ్చును (గోడ సిమెంటు పూతను) పట్టుకుంటుంది కానీ రంగు పొరను సరిగా పట్టుకోదు. గచ్చు బయటపడ్డ చోట మాత్రం అది వాడొచ్చు.

పొర మిల్లీమీటరు, మిల్లీమీటరున్నర దాటకూడదు. లోతు గుంటకు రెండుసార్లు పెట్టండి. మొదటిది పూర్తిగా ఆరాకే రెండోది. ఒకేసారి నింపితే ఆరేటప్పుడు కుంగి మధ్యలో గుంట పడుతుంది, చుట్టూ పగులుతుంది.

గోడ మధ్య పగులు వెంట్రుక కంటే వెడల్పుగా ఉంటే లప్పం పట్టీ మూలతో ఆ పగులునే కాస్త తెరిచి, దులిపి, పగుళ్ల ఫిల్లర్ నింపండి. పైపైన పూస్తే పండుగ వచ్చేలోపే అదే గీత మళ్లీ కనిపిస్తుంది.

మరుసటి రోజు 220 నంబర్‌తో రుద్ది, పొడి గుడ్డతో దుమ్ము తీసి, తడి పిండిన గుడ్డతో ఒకసారి తుడవండి.

8. ప్రైమర్: అసలు పని ఇదే

ముందు మచ్చలు. పసుపు, కుంకుమ బొట్లు పెట్టిన చోటు, పాత నీటి మరక, స్కెచ్ పెన్ గీతలు, పొగ మసి: ఇవి నీటి ప్రైమర్‌లో కరిగి పైకి తేలుతాయి. కుంకుమ మరీ మొండిది. తెల్ల ప్రైమర్ మీద గులాబీ మచ్చలా వస్తుంది, రెండో కోటు వేస్తే మళ్లీ వస్తుంది. అందుకే ఈ మచ్చల మీద, చుట్టూ నాలుగు అంగుళాల వరకు, ఆయిల్ ప్రైమర్ ఒక కోటు వేసి ఒక రోజు ఆరనివ్వండి. ఆయిల్ పెయింట్ పట్టీ మొత్తం మీద కూడా ఇదే ప్రైమర్ వేయాలి. ఆరాక 220తో తేలిగ్గా రుద్దండి.

ఆయిల్ పెయింట్ పట్టీ పై అంచున గట్టు ఉంటుంది. ఆయిల్ ప్రైమర్ ఆరిన తర్వాత ఆ గట్టు మీద పెద్ద లప్పం పట్టీతో అక్రిలిక్ లప్పాన్ని ఆరు అంగుళాల వెడల్పున లాగి సమం చేయండి. ఆ లప్పం మీద మళ్లీ నీటి ప్రైమర్ పడాలి.

ఆయిల్ ప్రైమర్, టర్పెంటైన్ వాడే రోజు కిటికీలు తెరిచి ఉంచండి. దేవుడి గదిలో చేస్తుంటే ఆ రోజు దీపం, అగరబత్తి వెలిగించకండి. వంటగదిలో చేస్తుంటే పొయ్యి వెలిగించకండి.

ఇక నీటి ప్రైమర్. డబ్బా మీద ఎన్ని నీళ్లు కలపొచ్చో ఒక పరిధి రాసి ఉంటుంది. ముదురు గోడకు ఆ పరిధిలో తక్కువ అంకె తీసుకోండి. చాలా చోట్ల పని త్వరగా కావడానికి కంటి అంచనాతో పోస్తారు. లీటరు వాటర్ బాటిల్ మీద గీతలు పెట్టుకొని కొలిచి పోయండి. నీళ్లు ఎక్కువైతే రోలర్ సులువుగా తిరుగుతుంది, గోడ మీద మాత్రం తెలుపు మిగలదు. కలపడానికి తాగే నీళ్లు వాడండి, ఉప్పు బోరు నీళ్లు వద్దు.

- డబ్బాను కర్రతో అడుగు నుంచి అయిదు నిమిషాలు కలపండి. కప్పే పొడి అంతా అడుగునే ఉంటుంది.
- చీర ముక్కతో వడకట్టండి.
- మూలలు బ్రష్‌తో, మధ్య భాగం రోలర్‌తో వేయండి.
- నాలుగు నుంచి ఆరు గంటలు ఆరనివ్వండి. వానాకాలంలో ఒక రాత్రి.
- 220తో చేతి బరువు పడకుండా రుద్ది దుమ్ము తీయండి.
- రెండో కోటు వేయండి.

మొదటి కోటు ఆరాక గోడ మచ్చలు మచ్చలుగా, మబ్బు పట్టినట్టు ఉంటుంది. కంగారు పడకండి. రెండో కోటు ఆరాక ఐదడుగుల దూరంలో నిలబడి చూడండి. పాత రంగు నీడలా తెలిస్తే ఫరవాలేదు. ఇది మెరూన్ గోడ అని ఇంకా చెప్పగలిగేటట్టు ఉంటే మూడో కోటు ప్రైమర్ వేయండి. పై రంగు నాలుగో కోటు కంటే ఇది చౌక, ఫలితం కూడా ఎక్కువ.

పై రంగు లేత పసుపు, క్రీమ్ లాంటిదైతే చివరి కోటు ప్రైమర్‌ను తెల్లగానే ఉంచండి. లేత బూడిద, లేత నీలం లాంటిదైతే నాలుగు వంతుల ప్రైమర్‌లో ఒక వంతు పై రంగు కలపొచ్చు, రెండూ నీటి రకాలైతేనే.

9. పై రంగు మొదటి కోటు

వరుస: ముందు సీలింగ్, తర్వాత గోడ, చివరికి తలుపులు, కిటికీలు. ఫ్యాన్ ఆపేయండి.

ఎమల్షన్‌కు లీటరుకు 400 మి.లీ. నీళ్ల దగ్గర మొదలుపెట్టండి. డబ్బా మీద అంతకంటే తక్కువ రాసి ఉంటే అదే పాటించండి.

ముదురు గోడలకు ప్రత్యేకంగా వచ్చే చిక్కు అంచుల దగ్గర. సీలింగ్ కింద, మూలల్లో, స్విచ్ బోర్డుల చుట్టూ బ్రష్‌తో వేసిన పొర రోలర్ పొర కంటే పలుచగా ఉంటుంది. మూడు కోట్లు అయ్యాక గోడ మధ్య తెల్లగా, చుట్టూ రెండు అంగుళాల ముదురు చట్రంలా కనిపిస్తుంది, ఫొటో ఫ్రేమ్ కట్టినట్టు. దీన్ని ఆపడానికి:

- అంచులకు ప్రైమర్ రెండు కోట్లతో పాటు మరో కోటు బ్రష్‌తో అదనంగా వేయండి.
- బ్రష్‌ను మూడో వంతు మాత్రమే ముంచి, డబ్బా అంచుకు తుడవకుండా లోపలి గోడకు తట్టండి. తుడిస్తే రంగు అంతా డబ్బాలోనే మిగులుతుంది.
- బ్రష్‌తో మూడు అంగుళాలు వేసి, అది తడిగా ఉండగానే రోలర్‌ను అంచుకు ఒక అంగుళం దూరం వరకు తీసుకెళ్లి కలిపేయండి.
- గది మొత్తం అంచులు ముందే వేసి తర్వాత రోలర్ పట్టకండి. ఒక్కో గోడ అంచులు, వెంటనే ఆ గోడ రోలర్.

రోలర్‌ను ట్రేలో ముంచి, అదనపు రంగు వదిలేలా గరుకు భాగం మీద దొర్లించండి. గోడ మీద మూడడుగుల వెడల్పు భాగం తీసుకొని కిందికి పైకి ఏటవాలుగా మూడు నాలుగు గీతలు వేసి, వాటిని అడ్డంగా పరచి, చివరికి పై నుంచి కిందికి ఒకే దిక్కులో తేలిగ్గా ఒక్కసారి లాగండి. పక్క భాగం మొదలుపెట్టేటప్పుడు ముందు భాగం అంచు ఇంకా తడిగా ఉండాలి. టీ కోసం గోడ మధ్యలో ఆపకండి. మూల దగ్గర ఆపండి.

రోలర్ ఎండి చప్పుడు చేస్తుంటే మళ్లీ ముంచండి. ఆరబోయే రంగును నొక్కి లాగితే కింద ప్రైమర్ కూడా లేచి వస్తుంది.

10. రెండో, మూడో కోటు

కోటుకు కోటుకు నాలుగు నుంచి ఆరు గంటలు. వేలితో తాకితే ఆరినట్టున్నా సమయం పూర్తయ్యేదాకా ఆగండి.

తడి రంగు చూసి తీర్పు చెప్పకండి. ఆరిన తర్వాతే అసలు కవరింగ్ తెలుస్తుంది. పగటి వెలుగులో ఒకసారి, రాత్రి ఫోన్ టార్చ్‌ను గోడకు ఆనించినట్టు పక్క నుంచి వేసి ఒకసారి చూడండి. కనిపించిన గుంటలకు లప్పం పెట్టి, రుద్ది, ఆ చోట్లకు ప్రైమర్ వేసి, ఆ తర్వాతే మళ్లీ రంగు. లప్పం మీద నేరుగా రంగు వేస్తే అక్కడ రంగు పీల్చుకొని మసక మచ్చ మిగులుతుంది.

రెండు కోట్లతో సరిపోతే అక్కడే ఆపండి. ప్రైమర్ సరిగ్గా పడ్డ గోడకు చాలాసార్లు సరిపోతుంది. మాస్కింగ్ టేపును చివరి కోటు పూర్తిగా గట్టిపడకముందే, మీ వైపుకు వంచి నెమ్మదిగా లాగండి.

11. తేడా వస్తే

*మచ్చ మళ్లీ తేలింది.* దాని మీద ఎమల్షన్ పూస్తూ పోకండి. ఆ చోట ఆయిల్ ప్రైమర్ వేసి, ఒక రోజు ఆగి, ఆ గోడ మొత్తానికి ఒక కోటు రంగు వేయండి. మచ్చ మీద మాత్రమే రంగు వేస్తే అతుకు కనిపిస్తుంది.

*బుడగలు లేచాయి.* బుడగను కోసి చూడండి. అడుగున గచ్చు తడిగా ఉంటే నిమ్ము, రెండో మెట్టుకు వెనక్కి వెళ్లాలి. అడుగున పాత ఆయిల్ పెయింట్ నిగనిగలాడుతూ కనిపిస్తే దాన్ని సరిగా రుద్దలేదు.

*రోలర్ చారలు.* పూర్తిగా ఆరాక 220తో రుద్ది, నీళ్లు సరిచూసి, ఆగకుండా ఒక కోటు వేయండి.

*రంగు పొలుసులుగా ఊడింది.* చాలాసార్లు కింద సున్నమో డిస్టెంపరో మిగిలి ఉంటుంది. ఊడినంత మేర గీకి మళ్లీ మొదటి నుంచి చేయాలి. దీనికి దగ్గరి దారి లేదు.

*గోడ అంతా సమంగా ఉన్నా ముదురు నీడ తెలుస్తోంది.* డబ్బాలో మిగిలిన రంగును అడుగు నుంచి మళ్లీ బాగా కలిపి, తక్కువ నీళ్లతో ఒక కోటు వేయండి. పైపైన తేలిన పలుచని రంగుతోనే పని జరిగి ఉంటుంది.

12. పెయింటర్‌కు అప్పగిస్తే

అడ్డా మీది నుంచి పిలిచినా, తెలిసిన మేస్త్రీకి గుత్తకు ఇచ్చినా "రెండు కోట్లు" అన్న మాట దగ్గర ఆగకండి. ప్రైమర్ ఒక కోటు, రంగు ఒక కోటు కలిపి రెండు అనే అర్థం కూడా దానికి ఉంది. పని మొదలవకముందే ఇవి మాట్లాడుకోండి:

- కడగడం, గీకడం లెక్కలో ఉన్నాయా
- ప్రైమర్ ఎన్ని కోట్లు, రంగు ఎన్ని కోట్లు, విడివిడిగా
- స్విచ్ ప్లేట్లు విప్పుతారా
- నీళ్లు కొలిచి కలుపుతారా
- కోటుకు కోటుకు మధ్య ఎంతసేపు ఆగుతారు

సరుకు మీరే తెచ్చివ్వండి. ముందుగా ముదురు గోడలో బాగా వెలుగు పడే చోట రెండడుగుల చదరం మీద ప్రైమర్, రంగు మొత్తం వరుస వేయించి, ఆరాక ఇద్దరూ కలిసి చూడండి. అక్కడ ఎన్ని కోట్లకు పాత రంగు మాయమైందో గోడ మొత్తానికి అదే లెక్క. మాట తేడా రాకుండా ఉంటుంది, మేస్త్రీకి కూడా తన శ్రమకు తగ్గ కూలి అడగడం సులువవుతుంది.

13. పని అయ్యాక

రెండు రోజుల వరకు ఫర్నిచర్‌ను గోడకు ఆనించకండి. మూడు నాలుగు వారాల వరకు గోడను తడిగుడ్డతో రుద్దకండి, టేపులు, స్టిక్కర్లు అంటించకండి. క్యాలెండర్‌కు మేకు కొట్టాలంటే ఆ చోట టేపు ముక్క అంటించకుండా నేరుగా చిన్న డ్రిల్లు వాడండి.

మిగిలిన రంగును నీళ్లు కలపనిది మాత్రమే దాచండి. చిన్న డబ్బాలో నిండా పోసి, మూత బిగించి, నీడలో పెట్టండి. డబ్బా మీద షేడ్ కోడ్, ఏ గది, ఏ తేదీ, లీటరుకు ఎన్ని నీళ్లు కలిపారు అనేది మార్కర్‌తో రాయండి. తర్వాత గీత పడ్డ చోట దిద్దాలంటే అదే కొలతలో నీళ్లు కలిపి, బ్రష్ బదులు చిన్న రోలర్ ముక్కతో అద్దండి.